ఎక్కడికో చెప్పకుండా ఓటడిగితే: బ్రిటన్ తెలుగువారికి బహిరంగ లేఖ

బ్రిటన్‌లోని తెలుగు సంఘాల పెద్దలకు, ఇక్కడ ఓటు హక్కున్న తెలుగువాళ్లందరికీ నమస్కారం.

ఈ మధ్య మన వాట్సాప్ గ్రూపుల్లో యూరప్ గొడవ మళ్లీ మొదలైంది. యూరోపియన్ యూనియన్‌లో తిరిగి చేరితే తప్ప ఈ దేశం బాగుపడదని ఒకరు, అయిపోయిన పెళ్లికి బాజాలెందుకని ఇంకొకరు. 2016 రిఫరెండంలో ఓటేసి ఆ యూనియన్ నుంచి విడిపోయి (బ్రెగ్జిట్) తప్పు చేశామని సర్వేల్లో సగానికి పైగా జనం చెబుతున్నారు. లేబర్ పార్టీ మాత్రం సింగిల్ మార్కెట్‌లోకి (సరుకులూ మనుషులూ అడ్డు లేకుండా తిరిగే ఉమ్మడి మార్కెట్) గానీ కస్టమ్స్ యూనియన్‌లోకి (బయటి దేశాల సరుకుల మీద అందరిదీ ఒకే సుంకం) గానీ తిరిగి వెళ్లేది లేదని 2024 మేనిఫెస్టోలోనే రాసుకుంది. ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు ఈ ప్రశ్న పట్టుకుని మన సభల మెట్లెక్కుతారు. వాళ్లొచ్చేలోపు మీ చెవిన ఒక మాట వేద్దామని ఈ ఉత్తరం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విడిపోవడం వల్ల ఈ దేశానికి లాభం కన్నా నష్టమే ఎక్కువ జరిగింది. మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, ఆ లెక్క తేల్చడానికి కూర్చోలేదు నేను. నా పేచీ అంతా ఓటు అడిగిన తీరుతోనే. ఉందామా, పోదామా అని అడిగారు. పోతే ఎక్కడికి పోతామో ఎవరూ చెప్పలేదు. ఆ ఖాళీలో ఎవరికి తోచింది వాళ్లు రాసుకున్నారు. మనవాళ్లూ రాసుకున్నారు.

విడిపోదామన్నవాళ్లు అసలు మన గుమ్మం దాకా ఎందుకొచ్చారో తెలుసా? 2016 జూన్ 23 నాటి ఓటింగులో కామన్వెల్త్ దేశాల పౌరులకి ఓటుంది. ఇరవై ఏళ్లుగా ఇక్కడే కాపురముండి, పన్నులు కట్టి, పిల్లల్ని ఇక్కడి బళ్లలోనే చదివించిన స్పెయిన్ నర్సుకి లేదు. ఒంగోలు నుంచి వచ్చి ఏడాది తిరగని ఎంఎస్సీ కుర్రాడికి ఉంది. ఐర్లండ్, మాల్టా, సైప్రస్ తప్పిస్తే మిగతా యూరప్ వాళ్లెవరికీ ఆ రోజు ఓటు లేదు. తమ బతుకు ఏమవుతుందోనని వాళ్లు చూస్తూ కూర్చున్నారు. మనం పోలింగ్ బూత్‌కి వెళ్లాం. అందుకే ఆ ఏడాది ఎప్పుడూ రానివాళ్లు కూడా ఉగాదికొచ్చి పులిహోర తిని వెళ్లారు.

విడిపోదామన్నవాళ్లు మనకి చెప్పిన మాటలు గాల్లోంచి పుట్టినవి కావు, మన కడుపుమంట తెలిసి చెప్పినవే. ఆ మంట ఎక్కడిదో పాతికేళ్లుగా ఇక్కడున్న డాక్టర్లని అడగండి. నేనూ ఆ బాపతే. అప్పట్లో ప్లాబ్ పరీక్షకి (బయటి దేశాల డాక్టర్లు ఇక్కడ పనిచేయాలంటే రాయాల్సింది) వచ్చినవాళ్లంతా లండన్‌లోని ఈస్ట్‌హామ్‌లో దిగేవాళ్లం. ఒక్కో గదిలో నలుగురైదుగురం. నేల మీద పరుపులు, కిటికీ పక్కన పుస్తకాల దొంతర, ఫ్రిజ్‌లో ఎవరి పెరుగు డబ్బా మీద వాళ్ల పేరు. నెలాఖరుకి మురుగన్ గుడిలో పెట్టే అన్నమే మాకు భోజనం. ఇంగ్లిషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్, ఆ తర్వాత ప్లాబ్ రెండు భాగాలు, ఆ తర్వాత జీతం లేని అటాచ్‌మెంట్లు, వందల దరఖాస్తులు. అదే యూరప్ దేశాల్లో డిగ్రీ తెచ్చుకున్న డాక్టరుకి ప్లాబ్ అక్కర్లేదు. 2014 దాకా వాళ్ల ఇంగ్లిషుని పరీక్షించే అధికారం కూడా మెడికల్ కౌన్సిల్‌కి లేదు.

ఆ పైన 2006 వచ్చింది. మార్చిలో ప్రకటించి ఏప్రిల్ నుంచే అమలు. బయటి దేశాల డాక్టర్లు వర్క్ పర్మిట్ లేకుండా ట్రైనింగ్ చేసుకునే వెసులుబాటు రద్దు. బ్రిటన్, యూరప్ అభ్యర్థులెవరూ దొరక్కపోతేనే మన దరఖాస్తు తెరవాలి. అప్పటికే పరీక్షలు పాసై, ఊళ్లో అప్పులు చేసి కూర్చున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. భారతీయ సంతతి డాక్టర్ల సంఘం బాపియో కోర్టుకెక్కింది, 2008 ఏప్రిల్‌లో, అప్పట్లో ఇక్కడి పై కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో గెలిచింది. తీర్పు వచ్చేసరికి చాలామంది ఆస్ట్రేలియాకో అమెరికాకో వెళ్లిపోయారు, కొందరు ఇంటికే వెళ్లిపోయారు. యూరప్ వాళ్లని ఆపడానికి సభ్యత్వం ఒప్పుకోదు, కాబట్టి వలసలు తగ్గించాలన్నప్పుడల్లా కోత పడేది మనకే. పదేళ్ల తర్వాత ఎవరో వచ్చి, "యూరప్‌ని వదిలేస్తే రొమేనియా డాక్టరూ కర్నూలు డాక్టరూ ఒకే వరసలో నిలబడతారు" అంటే ఆ మాట మనసుకి తగలదా? తగిలింది. నాతో పనిచేసిన తెలుగు డాక్టర్లలో కొందరు అందుకే విడిపోవడానికి ఓటేశారు. వాళ్లని మూర్ఖులని నేననను. ఆ వాదనలో న్యాయముంది.

తర్వాత ఏమైందో చూడండి. 2021 జనవరిలో పాయింట్ల పద్ధతి వచ్చాక వీసా దగ్గర రెండు డిగ్రీలూ సమానమయ్యాయి. ప్లాబ్ రాయనక్కర్లేదన్న సదుపాయం మాత్రం యూరప్ డిగ్రీలకి ఆ తర్వాతా కొనసాగింది. 2025 జులైలో ప్రభుత్వం పదేళ్ల ఆరోగ్య ప్రణాళిక ప్రకటిస్తూ, స్పెషాలిటీ ట్రైనింగ్ సీట్లలో ఇక్కడి మెడికల్ కాలేజీల్లో చదివినవాళ్లకీ, ఇక్కడి ఆరోగ్య సేవలో చాలాకాలం పనిచేసినవాళ్లకీ మొదటి పీట అంది. వరసలో మన ముందున్నవాళ్లు మారారు గానీ మన చోటు మారలేదు. ఇక్కడ చదివిన మన పిల్లలకి అది మంచిదేనని ఒక పెద్దాయన నాతో వాదించారు. నిజమే. కానీ 2016లో మనకి చెప్పింది అది కాదు కదా.

కూర సంగతి కూడా చెప్పుకోవాలి. 2016 మేలో ప్రీతీ పటేల్ గారు "మన కర్రీ హౌస్‌లని కాపాడుకుందాం" అని ప్రచారం చేశారు. యూరప్ వాళ్లకి తలుపులు తెరిచి ఉన్నాయి కాబట్టే దక్షిణాసియా వంటవాళ్లకి మూసేయాల్సి వస్తోంది, బయటికొస్తే తెచ్చుకోవచ్చు అన్నది ఆ మాట సారాంశం. ఆ రోజుల్లో రెస్టారెంట్లో టేకవే కౌంటర్ ఉంటే చాలు, కొరత వృత్తుల జాబితా కింద వంటవాడికి వీసా లేదు. పార్సిల్ కట్టని ఇండియన్ హోటల్ ఈ దేశంలో ఎక్కడుంటుంది? కాబట్టి ఆ మాటకి బంగ్లాదేశీ హోటళ్లవాళ్లు, పంజాబీలు, మన బిర్యానీ సెంటర్లవాళ్లు తలూపారు. 2019 జులైలో ఆవిడే హోం మంత్రి అయ్యారు. 2024 ఏప్రిల్‌లో స్కిల్డ్ వర్కర్ వీసాకి ఉండాల్సిన కనీస జీతం ఏడాదికి 26,200 పౌండ్ల నుంచి ఒక్కసారిగా 38,700కి ఎగిరింది, అప్పటికి ఆవిడ మంత్రి కాదనుకోండి. 2025 జులై 22 నుంచి డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే ఆ వీసా అన్నారు. అంటే ఇవాళ హైదరాబాద్ నుంచి దమ్ బిర్యానీ చేయి తిరిగిన మాస్టర్‌ని కొత్తగా ఆ వీసా మీద తెచ్చుకునే దారే లేదు.

మధ్యలో తలుపు తెరుచుకోలేదని కాదు. బాగా తెరుచుకుంది. 2012లో ఎత్తేసిన చదువు తర్వాతి వర్క్ వీసా 2021 జులైలో గ్రాడ్యుయేట్ రూట్ పేరుతో రెండేళ్లకి తిరిగొచ్చింది. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకి, అంటే ముసలివాళ్లనీ జబ్బుపడ్డవాళ్లనీ చూసుకునేవాళ్లకి, వీసాలిచ్చారు. మన ఊళ్ల నుంచి ఎంతమంది పిల్లలొచ్చారో మీకు తెలుసు, వాళ్లకి గదులు వెతికిపెట్టింది మీరే. 2023 నాటికి దేశంలోకి నికర వలస ఏడాదికి 9 లక్షలు దాటింది. రిఫరెండం నాటి అంకె కన్నా రెండింతలకు పైమాటే. అప్పుడు మొదలైంది అసలు రభస. వలసలు తగ్గుతాయని ఓటేసినవాళ్లు మమ్మల్ని మోసం చేశారన్నారు. వాళ్ల కోపం చల్లార్చడానికి 2024 జనవరి నుంచి చాలామంది విద్యార్థులకి భార్యనో భర్తనో తెచ్చుకునే వీలు తీసేశారు. మార్చి నుంచి కేర్ వర్కర్లకీ అంతే. 2025లో విదేశాల నుంచి కేర్ వర్కర్లని తెచ్చుకోవడమే ఆపేశారు. గ్రాడ్యుయేట్ రూట్ ఏడాదిన్నరకి కుదిస్తామన్నారు, శాశ్వత నివాసానికి అయిదేళ్లు చాలదు, పదేళ్లు కావాలన్నారు. వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌చార్జిని 2024 ఫిబ్రవరిలో పెద్దవాళ్లకి తలకి ఏడాదికి 1,035 పౌండ్లు చేశారు, విద్యార్థులకి కొంత తక్కువ. పొలం కుదువపెట్టి వచ్చిన పిల్లాడు మధ్యలో చిక్కుకున్నాడు.

నేను అనేది ఇక్కడే. లింకన్‌షైర్‌లో బోస్టన్ అని ఊరుంది, క్యాబేజీలు, కాలీఫ్లవర్లు పండించే ప్రాంతం. 2004లో తూర్పు యూరప్ దేశాలు చేరాక పొలం పనులకి పోలండ్, లిథువేనియా వాళ్లు వేలల్లో వచ్చారు. అక్కడ 75.6 శాతం విడిపోవడానికి ఓటేశారు, దేశంలో అదే అన్నిటికన్నా ఎక్కువ. వాళ్లకి చెప్పింది మనుషులు తగ్గుతారని. లండన్ పడమటి వైపున, మనవాళ్లు గట్టిగా ఉన్న స్లౌలో కూడా 54 శాతం అటే పడ్డాయి, హిల్లింగ్‌డన్‌లోనూ విడిపోవడమే గెలిచింది. ఆ వైపు ఆసియా వీధుల్లో చెప్పింది మీ మనుషులు పెరుగుతారని. రెండు ఊళ్ల ఓట్లూ ఒకే డబ్బాలో పడ్డాయి, కలిపి లెక్కపెట్టారు, 51.9 శాతం వచ్చింది. గెలిచిన తర్వాత ఇద్దరిలో ఒకరికి ఎగ్గొట్టక తప్పదని ఆ రోజే తెలుసు. ముందు బోస్టన్‌కి ఎగ్గొట్టారు, తర్వాత మనకి.

మా సర్జరీ (డాక్టరు క్లినిక్‌ని ఇక్కడ అలాగే అంటారు) బర్మింగ్‌హామ్ దగ్గరి శాండ్‌వెల్ పక్కనే. టివిడేల్ బాలాజీ గుడికి వెళ్లినవాళ్లందరూ ఆ దారిన వెళ్లినవాళ్లే. అక్కడ 66.7 శాతం విడిపోదామన్నారు. మూతపడ్డ ఫౌండ్రీలో పనిచేసిన ఒక పెద్దాయన, ఓటు అయిన వారంలో బీపీ చూపించుకోవడానికొచ్చి, చొక్కా చెయ్యి మడుస్తూ, "మీరు కాదు డాక్టర్, మేం అన్నది మిగతా వాళ్లని" అన్నాడు. ఆ మాటలో కపటం లేదు, అంత ప్రేమగానే చెప్పాడు. మిగతా వాళ్లెవరో నేను అడగలేదు. ఆయన మీద నాకిప్పటికీ కోపం లేదు. ఆయనకి ఏది చెప్పి ఓటేయించుకున్నారో అది కూడా దక్కలేదు.

పార్లమెంటులో జరిగింది గుర్తుందా? ఏం కావాలో తెలియకుండా విడిపోతే ఏమవుతుందో అంత విడమరిచి చూపించిన రోజులు మళ్లీ రావు. 2019 జనవరి 15న ప్రధాని థెరిసా మే యూరప్‌తో కుదుర్చుకొచ్చిన విడిపోయే ఒప్పందాన్ని 432–202 ఓట్లతో ఓడించారు. సరే, ఇది కాకపోతే మరేది కావాలో చెప్పండని మార్చి 27న ఎంపీల చేతికి ఒక కాగితమిచ్చారు. అందులో ఎనిమిది దారులు. ఒప్పందం లేకుండా బయటపడటం, కస్టమ్స్ యూనియన్, సింగిల్ మార్కెట్, మళ్లీ ప్రజల్ని అడగడం, ఇలా. ఒక్కోదానికి అవుననో కాదనో గుర్తు పెట్టాలి. ఎనిమిదీ ఓడాయి. ఏప్రిల్ 1న నాలుగు మిగిల్చి మళ్లీ పెట్టారు. నాలుగూ ఓడాయి, కస్టమ్స్ యూనియన్ అయితే మూడు ఓట్లతో. దేశం పోదామని చెప్పి అప్పటికి మూడేళ్లు కావస్తోంది. ఎక్కడికో 650 మంది కూర్చుని తేల్చలేకపోయారు. ఎందుకంటే ఆ ప్రశ్నకి జనం జవాబివ్వలేదు. జనాన్ని అడగలేదు కాబట్టి.

ఐర్లండ్ సరిహద్దు దీనికన్నా పెద్ద పాఠం. దక్షిణ ఐర్లండ్ యూరప్‌లో, ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లో. 1998 శాంతి ఒప్పందం తర్వాత మధ్యలో చెక్‌పోస్టు అన్నది లేదు. ఒక పక్క కస్టమ్స్ యూనియన్ ఉండి ఇంకో పక్క లేకపోతే లారీని ఎక్కడో ఒకచోట ఆపాలి కదా. ప్రచారంలో ఈ సంగతి ఎన్నిసార్లు విన్నాం? చివరికి తనిఖీ బ్రిటన్ ప్రధాన ద్వీపానికీ ఉత్తర ఐర్లండ్‌కీ మధ్యనున్న సముద్రం మీదికి జరిగింది. బ్రిటన్ నుంచి బ్రిటన్‌కే వెళ్లే సాసేజీలకి కాగితాలు కావాల్సొచ్చాయి, 2023లో విండ్సర్ ఒప్పందంతో కొంత సర్దుకున్నారు.

మన తెలుగువాళ్లకి విభజన కొత్తేం కాదు. 2014 చట్టంలో ఏ సంస్థ ఎవరికన్నది షెడ్యూళ్లకి షెడ్యూళ్లు రాశారు. అంత రాసుకున్నా 2024లో ఉమ్మడి రాజధాని గడువు ముగిసే నాటికి తొమ్మిది, పది షెడ్యూళ్ల ఆస్తుల పంచాయతీ తెగలేదు. 1973 నుంచి అల్లుకుపోయిన చట్టాలు, సుంకాలు, మందుల అనుమతులు, చేపల వాటాలు ఒక్క వాక్యం ప్రశ్నతో విడదీస్తామన్నప్పుడు అందరికన్నా ముందు మనకే అనుమానం రావాల్సింది.

ఉండిపోదామన్నవాళ్లు తక్కువ తినలేదు. ఓటు పడిన మరుక్షణం ఏడాది పాటు మాంద్యం వస్తుందని, అయిదు లక్షల ఉద్యోగాలు పోతాయని ట్రెజరీ బెదిరించింది. అలా జరగలేదు. నష్టం వచ్చింది గానీ మెల్లగా వచ్చింది, పెట్టుబడులు తగ్గి, కాగితాల పని పెరిగి. దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తక్కువగా ఉంటుందని ప్రభుత్వ బడ్జెట్ లెక్కలు చూసే సంస్థే అంచనా కట్టింది. అలాంటిది ప్రచార బస్సు మీద రాయడానికి పనికి రాదు. యూరప్‌కి పంపే వారానికి 350 మిలియన్ పౌండ్లు ఆరోగ్య సేవకి ఇద్దామని విడిపోదామన్నవాళ్లు తమ బస్సు మీద రాసిన అంకె పనికొచ్చింది. అది సరికాదని గణాంకాల సంస్థ చెప్పినా బస్సు ఆగలేదు. మన సంగతికొస్తే, ఉండిపోదామన్న పక్షం నుంచి మన హాళ్లకి వచ్చినవాళ్లే నాకు గుర్తు లేరు. మన ఓట్లు ఎలాగూ తమవేననుకున్నారో, అక్కర్లేదనుకున్నారో.

విడిపోవడం వల్ల వచ్చినదాన్ని రాలేదనడం కూడా న్యాయం కాదు. 2025 జులై 24న ఇండియాతో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. యూరప్‌లో ఉండి ఉంటే బ్రిటన్ సొంతంగా అది చేసుకోగలిగేది కాదు. 2022 దీపావళికల్లా అయిపోతుందన్నారు, దాదాపు మూడేళ్లు ఆలస్యమైనా అయింది. మన భీమవరం రొయ్యకి ఇక్కడ సుంకం పోతుంది. కంపెనీ తరఫున కొంతకాలానికి వచ్చే మన సాఫ్ట్‌వేర్ పిల్లలు మూడేళ్ల దాకా ఇక్కడి నేషనల్ ఇన్సూరెన్స్ కట్టనక్కర్లేదు. సంతోషమే. కాకపోతే ఆ ఒప్పందం వల్ల దీర్ఘకాలంలో బ్రిటన్ జీడీపీకి ఏటా చేరేది సుమారు 4.8 బిలియన్ పౌండ్లని, అంటే ఒక శాతంలో పదో వంతు కన్నా కాస్త పైన అని, ఈ ప్రభుత్వ అంచనాయే చెబుతోంది. పైన చెప్పిన 4 శాతం నష్టంతో పోల్చి చూసుకోండి.

ఇక పాస్‌పోర్టు. ఏళ్ల తరబడి ఆగి, లైఫ్ ఇన్ ది యూకే పరీక్ష రాసి, రాజుకో రాణికో ప్రమాణం చేసి నీలం పుస్తకం తెచ్చుకుంటే, పారిస్‌లో అది యూరప్ వాళ్లు కానివాళ్ల వరసలోకి, అంటే మన పాత వరసలోకే వచ్చి నిలబడింది. వేలిముద్రలతో సహా.

ఇప్పుడు తిరిగి చేరదామంటున్న వాళ్లని కూడా అదే నిలదీయాలన్నది నా విన్నపం. నా మనసు వాళ్ల వైపే ఉంది, అయినా సరే. చేరడమంటే ఏది? కస్టమ్స్ యూనియన్ ఒక్కటేనా? అయితే సుంకాలు యూరప్ నిర్ణయించినట్టు ఉండాలి. మరి ఇండియా ఒప్పందంలోని సుంకాల సంగతి, మన రొయ్య సంగతి ఏమిటి? సింగిల్ మార్కెట్టా? అందులో మనుషుల స్వేచ్ఛా సంచారం కలిసే వస్తుంది. అప్పుడు వలసల అంకె తగ్గించాలని ఎవరైనా అంటే కోత మళ్లీ 2006లోలా మన మీదే పడదని రాసిస్తారా? పూర్తి సభ్యత్వమా? అయితే 27 దేశాలూ ఒప్పుకోవాలి. 1984లో అప్పటి ప్రధాని థాచర్ సాధించిన సభ్యత్వ చందా రాయితీ తిరిగి ఇస్తారన్న ఆశ లేదు. కొత్తగా చేరేవాళ్లని యూరో సంగతి కూడా అడుగుతారు. ఇవన్నీ తెలిసి కూడా చేరదామంటే నేను చెయ్యెత్తుతాను. తెలియకుండా ఎత్తమంటే ఎత్తను.

అవతలి పక్షానికీ ఇదే. రిఫామ్ పార్టీ 2025 సెప్టెంబరులో శాశ్వత నివాస హక్కునే రద్దు చేస్తామంది. ఆ మాట విన్నాక కూడా "అది మనకి కాదులే, మిగతా వాళ్లకి" అనేవాళ్లు మన గ్రూపుల్లో ఉన్నారు. ఆ ముక్క నేను ఇంతకుముందు విన్నాను.

సంఘాల పెద్దలకి ప్రత్యేకంగా. ఉగాదికో, బతుకమ్మకో, సంక్రాంతికో అభ్యర్థిని పిలిస్తే పిలవండి. శాలువా కప్పండి, ఫొటో దిగండి. దానికి ముందు ఒక అరగంట మైకు సభికులకివ్వండి. ప్రశ్నలు ముందే రాసి పంపండి: డాక్టర్ల ట్రైనింగ్ గురించి, వంటవాళ్ల వీసా గురించి, పిల్లల గ్రాడ్యుయేట్ రూట్ గురించి, అయిదేళ్లా పదేళ్లా అన్నదాని గురించి, ఇండియా ఒప్పందం గురించి. జవాబు కాగితం మీద పార్టీ పేరుతో తెమ్మనండి, తెచ్చింది సంఘం వెబ్‌సైట్లో పెట్టండి. పక్క ఊళ్లో ఇచ్చిన కరపత్రం కూడా ఒకటి తెప్పించి, దాని పక్కనే పెట్టండి. తేనివాళ్లకి భోజనం పెట్టి పంపించండి, మైకు మాత్రం వద్దు.

మిగతా అందరికీ ఒక సమాచారం. ఇండియన్ పాస్‌పోర్టు మీదున్నా, చదువు వీసా అయినా, వర్క్ వీసా అయినా, పద్దెనిమిదేళ్లు నిండి ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్న మనకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. ఈ సంగతి తెలియనివాళ్లు మనలో బోలెడుమంది. ప్రభుత్వ వెబ్‌సైట్లో అయిదు నిమిషాల పని. ఇల్లు మారినప్పుడల్లా మళ్లీ నమోదు చేసుకోవాలి, మన పిల్లలు ఏడాదికి రెండిళ్లు మారతారు కాబట్టి ఇది మరీ మరీ చెబుతున్నాను. కొత్తగా వచ్చిన పిల్లలకి గది, సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా చూపించే లిస్టులో ఇది కూడా కలపండి.

ఇట్లు,
వెస్ట్ మిడ్‌ల్యాండ్స్‌లో పనిచేస్తున్న ఒక తెలుగు డాక్టరు